ఎర్రగీత బిళ్ళలు

జూలై 3, గురువారం

నందిగామ పట్టణ ప్రజలకు, చుట్టుపక్కల గ్రామాల వారికి, హైవే మీద పోయే లారీల వారికి తీవ్ర విచారంతో తెలియజేసేది ఏమిటంటే, మా వృద్ధుల హోమ్‌లో ఒక్క రోజు కూడా సెలవు పెట్టకుండా సేవ చేసిన పచ్చ ప్లాస్టిక్ మగ్గు ఈ ఉదయం పది గంటలకు కాలం చేసింది. వయసు ఆరేళ్ళు. పిడి ఒక పక్క విరిగినా పని ఆపలేదు. పైపు వేసి ఉన్న నలుగురు పెద్దల యూరిన్ బ్యాగులు పొద్దునా సాయంత్రం అందులోకే వంపేవాణ్ణి. ఒకరిది వంపడం, పారబోయడం, ఇంకొకరిది వంపడం. కులం చూడలేదు, మతం చూడలేదు. అలాంటి మగ్గుని కొత్త నర్సు జాయిస్ సిస్టర్ రెండు వేళ్ళతో పట్టుకుని చెత్తడబ్బాలో పూడ్చిపెట్టింది.

నలుగురికీ నాలుగు కొత్త మగ్గులు తెచ్చింది. వాటి మీద పేర్లు. ఒక మంచం దగ్గర్నుంచి ఇంకో మంచానికి పోయే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలంట.

"అట్టా అయితే రోజంతా కడుక్కోవడమే సరిపోద్ది సిస్టరమ్మా. చేతులు అరిగి మోచేతుల దాకా వస్తయ్," అన్నా.

"అరగనీ అన్నా. ఒకళ్ళ పురుగు ఇంకొకళ్ళకి ఎక్కితే పోయేది ప్రాణం. అసలే ముసలి ఒళ్ళు," అంది. నవ్వలేదు. ఇరవై ఆరేళ్ళ పిల్లకి అంత గంభీరం ఎందుకో.

సంతాప ప్రకటన జీవరత్నం టీచర్ గారికి చదివి వినిపించా. తుంటి ఎముక విరిగి మంచాన ఉంది కదా, నవ్వితే నొప్పంటుంది. అయినా నవ్వింది.

"మూడో రోజు లేస్తుందేమో చూద్దాం టీచరమ్మా," అన్నా.

"నోర్ముయ్ రా వెస్లీ. దేవుడితో ఎకసెక్కాలా," అంది, నవ్వుతూనే.

జూలై 4

ఈ డైరీ టీచర్ గారిచ్చిందే. ఆవిడ మేనకోడలు మహిమ జగ్గయ్యపేట నుంచి తెస్తే నాకిచ్చేసింది. "నువ్వు నోరు తెరిస్తే సగం అబద్ధం. ఆ అబద్ధాలన్నీ ఇందులో పెట్టు, మనుషులకి నిజం మిగులుద్ది," అంది. దాంతోపాటు ఒక ఎర్ర పెన్ను. "రాసింతర్వాత చదువుకో. ఎక్కడ అబద్ధం రాశావో నీకు తెలుసుగా, దాని కింద గీత గియ్యి. నేనేం అడగను."

నలభై ఏళ్ళు ఎర్ర పెన్ను పట్టిన చెయ్యి. ఊరుకోదు.

నువ్వు ఎందాకా చదివావురా అని మొదట్లో అడిగింది. ఏడో తరగతి రెండుసార్లు చదివా, కలిపితే పద్నాలుగు అన్నా. ఆ తర్వాత గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీల వాళ్ళకి టీలు మోయడం, అదే లారీల్లో క్లీనర్, ఇప్పుడు నలభై తొమ్మిదేళ్ళకి ఈ హోమ్‌లో ముసలాళ్ళ సేవ. ఎర్ర పెన్ను నాకు అవసరం పడదు.

జూలై 5

మూడో రోజు. మగ్గు లేవలేదు.

జూలై 9, బుధవారం

వరప్రసాదరావు గారికి మళ్ళీ మూత్రంలో మంట. ఎనభై ఒక్కేళ్ళ మనిషి, నలభై ఎకరాలు సేద్యం చేయించిన మనిషి. మంచం మీద పసిపిల్లాడిలా మూలుగుతున్నాడు.

"ఏమోయ్ డాక్టరూ, నీ డబ్బా తియ్యవయ్యా," అన్నాడు.

డాక్టరంటే నేనే. డబ్బా అంటే బట్టల గదిలో పైఅరలో ఉండే నీలం బిస్కెట్ల డబ్బా. హోమ్‌లో ఎవరికైనా బిళ్ళలు మిగిలినా, ఎవరైనా పోయినా, ఇంటికెళ్ళినా వాళ్ళ బిళ్ళల షీట్లు అందులో పడేస్తా. మందు పారేయడానికి చేతులు రావు ఎవరికీ. పేర్లు ఇంగ్లీషులో పొడుగ్గా ఉంటాయి, చదవలేను, కానీ నాకొక కొండగుర్తు ఉంది. షీటు వెనక నిలువునా ఎర్రగీత ఉంటే అది పవర్ మందు. గీత లేనిది ఉత్తది, ఒళ్ళు నొప్పులకీ గ్యాసుకీ. కంపెనీ వాడు ఊరికే గీస్తాడా గీత? దగ్గుకైనా, పుండుకైనా, మంటకైనా ఎర్రగీత పడితే రెండో రోజుకి లేచి కూర్చుంటారు. తగ్గగానే ఆపేస్తా. ముసలి ఒంటికి ఎక్కువ పవర్ మంచిది కాదు. మిగిలినవి మళ్ళీ డబ్బాలోకి.

రావుగారికి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. సిస్టర్‌కి చెప్పలేదు. ప్రతిదానికీ రిజిస్టర్ అంటుంది.

జూలై 11

రావుగారు లేచి కూర్చుని ఇడ్లీ గట్టిగా ఉందని వంటమనిషి రత్తమ్మని తిట్టాడు. అంటే తగ్గినట్టే. ఆపేశా.

జూలై 12, శనివారం

టీచర్ గారికీ మంట మొదలైంది. పైపు చుట్టూ గుడ్డ తగిలినా ముడుచుకుపోతోంది. గురువారం దాకా డాక్టర్ గీతాంజలి గారు రారు. ఫోన్ చేద్దామంటే సిస్టర్ సెలవు.

టీచర్ గారే అడిగింది, "డబ్బాలో ఉందేమో చూడరా," అని. ఆవిడే అడిగింది. ఒకటిచ్చా. ఆవిడకి కొత్తేం కాదు. మార్చిలో రెండు రోజులు, ఈస్టర్ అయ్యాక మేలో మూడు రోజులు, అప్పుడూ డబ్బా మందే పని చేసింది.

"డాక్టర్ గారూ, ఫీజెంతండి?" అంది.

"ఏడో ఎక్కం అప్పజెప్పండి, చాలు," అన్నా.

అప్పజెప్పింది. మధ్యలో ఏడు ఎనిమిదుల దగ్గర ఆగింది. నేనందించా. రెండుసార్లు చదివా కదా.

జూలై 14

మంట తగ్గింది. ఆపేశా. మూడు బిళ్ళలు మిగిలాయి.

జూలై 15

వాన. ఏం లేదు.

జూలై 19, శనివారం

పొద్దున టీ తీసుకుపోతే టీచర్ గారు నన్ను చూసి, "హాజరు తీసుకున్నావా? వెనక బెంచీ వాళ్ళు ఎవరూ రాలేదేం?" అంది. తమాషా చేస్తోందనుకున్నా. "అందరూ లీవు లెటర్లు పంపారు టీచరమ్మా," అన్నా. అప్పుడు చెయ్యి తగిలింది. కాలిపోతోంది. గ్లాసు అక్కడే పెట్టి పరిగెత్తా.

డాక్టర్ గీతాంజలి గారు గంటలో వచ్చారు. మూత్రం సీసాలో పట్టించి పరీక్షకి విజయవాడ పంపించారు. మూడు రోజులు పడుతుందంట, ఏ పురుగో, ఏ మందుకి చస్తుందో తేలడానికి. పెద్ద ఆసుపత్రికి తీసుకుపోతే మంచిదన్నారు. మహిమ ఫోన్లో, వర్షంలో అంత దూరం కదిలిస్తే తట్టుకోదేమో, ఒక్క రెండు రోజులు చూద్దామంది.

డాక్టరమ్మ నా వైపూ సిస్టర్ వైపూ చూసి అడిగారు.

"ఈ మధ్య ఏమన్నా యాంటీబయాటిక్ పడిందా ఈవిడకి? ఒక్క బిళ్ళైనా సరే చెప్పండి. దాన్ని బట్టే మందు రాయాలి."

సిస్టర్ రిజిస్టర్ తిరగేసి, "ఏమీ లేదు మేడమ్," అంది.

నేను చెప్పా. చెప్పాల్సింది చెప్పా.

డాక్టరమ్మ రాసిన బిళ్ళ మందుల షాపు నుంచి నేనే తెచ్చా. ఎర్రగీత ఉంది. అదే షీటు, అదే రంగు, నేనిచ్చిందే. చూశారా, ఎంబీబీయస్ చదివినా చివరికి మన దగ్గరికే రావాలి.

ఆవిడే అడిగింది కదా, ఆ రోజు.

జూలై 20, ఆదివారం

చర్చికి పోలేదు. బిళ్ళ పొడి చేసి చెంచాతో పట్టా. సగం పెదవి పక్కనుంచి కారిపోయింది.

జూలై 21

జ్వరం తగ్గలేదు. ఏడో ఎక్కం నేనే మొత్తం అప్పజెప్పా. వినిపించిందో లేదో.

జూలై 22, మంగళవారం

రిపోర్టు వచ్చింది. జాయిస్ సిస్టర్ ఫోన్లో చూపించింది. ఎడమ పక్క మందుల పేర్లు, కుడి పక్క ఒక్కో అక్షరం. ఎస్ అంటే ఆ మందుకి పురుగు చస్తుంది. ఆర్ అంటే చావదు, మొండికేసింది. పైనుంచి కిందకి వేలు పెట్టి చూశా. ఆర్. ఆర్. ఆర్. ఆర్. ఇంగ్లీషు రానివాడికి కూడా అర్థమవుతుంది. అట్టడుగున రెండే ఎస్సులు. అవి బిళ్ళలు కాదంట, నరానికి ఎక్కించే మందులంట, కిడ్నీలు చూసుకుంటూ ఐసీయూలో పెట్టి ఎక్కించాలంట.

డాక్టరమ్మ చాలాసేపు ఆ ఫోను చూశారు.

"ఇది మందుల రుచి ముందే తెలిసిన పురుగు. సగం సగం మందు వేసి ఆపేస్తే చచ్చేవి చచ్చి, గట్టివి మిగిలి పెరుగుతయ్. మనం వేసింది దానికి నీళ్ళతో సమానం. మూడు రోజులు ఊరికే పోయినయ్ జాయిస్," అన్నారు.

"రిజిస్టర్లో ఏం లేదు మేడమ్. నేను వచ్చి నెలే అయింది," అంది సిస్టర్. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు. తను చేయని తప్పుకి.

విజయవాడ పెద్దాసుపత్రికి అంబులెన్సులో నేనే ఎక్కా. కీసర దగ్గర మున్నేరు నిండా నీళ్ళు. "టీచరమ్మా, మున్నేరొచ్చింది," అన్నా. ఎప్పుడూ అడిగేది, నీళ్ళెట్టా ఉన్నయ్ రా అని. ఇవాళ అడగలేదు.

జూలై 23

జూలై 25, శుక్రవారం

ఐసీయూలోకి ఐదు నిమిషాలు పంపారు. మహిమ వెళ్ళొచ్చాక నేను. చెప్పులు విప్పించి, చేతులు మోచేతుల దాకా కడిగించి, పచ్చ గౌను తొడిగారు.

టీచర్ గారు కళ్ళు తెరిచింది. "ఏరా వెస్లీ, మగ్గు లేచిందా?" అంది. నవ్వింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "నీ తప్పేం లేదురా. నేనే అడిగా కదా," అంది.

అంతే. టైమైపోయిందని పంపేశారు.

జూలై 26

పొద్దున ఆరున్నరకి పోయింది.

జూలై 28, సోమవారం

జగ్గయ్యపేటలో సమాధి చేశారు. ఆవిడ చదువు చెప్పినవాళ్ళు వందమందికి పైగా వచ్చారు. తల నెరిసినవాళ్ళు కూడా పిల్లల్లా వరసలో నిలబడ్డారు.

భోజనాల దగ్గర మహిమ అందరికీ నన్ను చూపించింది. "మా అత్తయ్య ఫోన్ చేస్తే సగం ఈ అన్న ముచ్చట్లే. వెస్లీ ఇట్టా నవ్వించాడు, వెస్లీ అట్టా నవ్వించాడు అని. అన్నా, ఆ మగ్గు సంగతి చెప్పవా, ఆమె తెగ నవ్వుకుంది."

చెప్పా. ఏం చెయ్యను, చెప్పమంది. నందిగామ పట్టణ ప్రజలకు, చుట్టుపక్కల గ్రామాల వారికి అని మొదలుపెట్టి చివరిదాకా చెప్పా. అందరూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. పాస్టరు గారు కూడా. జాయిస్ సిస్టర్ మాత్రం అన్నం ముందు తల వంచుకుని కూర్చుంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా పక్కనే కూర్చుంది. నందిగామ దాకా ఒకే ఒక్క మాటడిగింది.

"అన్నా, నేనేమన్నా చూడకుండా వదిలేశానంటావా?"

"లేదమ్మా," అన్నా. అది నిజమే కాబట్టి తేలిగ్గా వచ్చింది నోట్లోంచి.

జూలై 29

రత్తమ్మ టీచర్ గారి మంచం కడిగి ఎండలో వేసింది. సాయంత్రం టీ ఒక గ్లాసు ఎక్కువ పోశా.

జూలై 31, గురువారం

వరప్రసాదరావు గారికి పొద్దున్నుంచి చలి, వణుకు, జ్వరం. బ్యాగులో మూత్రం చిక్కగా ఉంది. నన్ను చూడగానే గొంతు తగ్గించి, "డాక్టరూ, డబ్బా," అన్నాడు.

డాక్టర్ గీతాంజలి గారు వచ్చారు. అదే ప్రశ్న.

"ఈ మధ్య ఏమన్నా మందులు వాడారా అండి?"

"ఏమీ లేదమ్మా. ఒక్క బిళ్ళ కూడా లేదు," అన్నాడు రావుగారు. నా వైపు చూడకుండా చెప్పాడు. నన్ను కాపాడుతున్నాననుకున్నాడు. సిస్టర్ రిజిస్టర్ తిరగేస్తోంది. ఆ కాగితాల చప్పుడు పన్నెండు రోజుల కిందట విన్నదే.

"వాడారండి," అన్నా.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. బట్టల గదికి పోయి డబ్బా తెచ్చి మంచం మీద బోర్లించా. షీట్లన్నీ పడ్డాయి. పోయినవాళ్ళవి, ఉన్నవాళ్ళవి. రావుగారికి ఏది ఇచ్చానో తీసి చూపించా, ఎప్పుడెప్పుడు ఇచ్చానో చెప్పా. డాక్టరమ్మ ఒక్కో షీటు తిప్పి చూశారు.

"ఇవెట్టా గుర్తుపట్టి ఇచ్చేవాడివి? నీకు ఇంగ్లీషు రాదుగా?"

"ఎర్రగీత చూసి అండి. పవర్ మందుకి గీస్తారు కదండీ."

ఆవిడ షీటు కింద పెట్టేశారు.

"అది పవర్ అని కాదు వెస్లీ. డాక్టరు చెప్పకుండా ఇది వెయ్యొద్దు, మొదలుపెడితే మధ్యలో ఆపొద్దు అని గీసే గీత అది."

"టీచర్ గారికి కూడానా?" అంది జాయిస్ సిస్టర్.

"అవునమ్మా. మూడుసార్లు."

సిస్టర్ రిజిస్టర్ మూసి బయటికి వెళ్ళిపోయింది. కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న చప్పుడు వినిపించింది. చాలాసేపు కడుక్కుంది.

డాక్టరమ్మ వెళ్ళేటప్పుడు గేటు దాకా వెంట వెళ్ళా.

"ఆ రోజే చెప్పి ఉంటే బతికేదా అండి?"

"చెప్పలేను. వయసు, ఎముక, పైపు, అన్నీ ఉన్నయ్. కానీ ఆ బిళ్ళ రాసేదాన్ని కాదు. అదే రోజు పంపేసేదాన్ని. మూడు రోజులు దొరికేవి," అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

రావుగారిని వెంటనే విజయవాడ పంపించారు. నేను చెప్పిన మందులన్నీ చీటీ మీద రాసి వెంట పంపారు.

ఆగస్టు 2, శనివారం

రావుగారికి మొదటి రోజు నుంచే నరానికి ఎక్కించే మందు పెట్టారంట. జ్వరం దిగుతోందని ఫోనొచ్చింది. హోమ్ నడిపే కమిటీ వాళ్ళు నన్ను సోమవారం రమ్మన్నారు. జాయిస్ సిస్టర్ నాతో పని వరకే మాట్లాడుతోంది. సబ్బు అయిపోయింది. పక్క దుప్పటి మార్చు. అంతే.

ఇవాళ ఎర్ర పెన్ను తీశా. మొదటి నుంచి చదువుకుంటూ వచ్చా.

మూడో రోజు మగ్గు లేవలేదని రాశా. లేచింది. నేనే లేపా. చెత్తడబ్బాలోంచి తీసి మెట్ల కింద దాచిపెట్టా. నాలుగు మగ్గులు, నాలుగుసార్లు సబ్బు, ఎవరు పడతారనుకున్నా. సిస్టర్ అటు తిరిగితే పచ్చ మగ్గే. ఆ పిల్లని మోసం చేయడం సరదాగా కూడా ఉంది. రావుగారికి మంట ఉన్న రోజుల్లో ఆయన బ్యాగు వంపి, అదే చేతులతో, అదే మగ్గుతో టీచర్ గారి దగ్గరికి పోయా. పద్దెనిమిదో తారీకు దాకా. ఇప్పుడది లేదు. కాల్చేశా.

ఆవిడే అడిగిందని మూడుసార్లు రాశా. అడగలేదు. "డాక్టరు గారికి ఫోన్ చెయ్యరా," అంది. నేనే డాక్టర్ని కదా, నా మీద నమ్మకం లేదా అన్నా. నా మొహం చూసి, బిళ్ళ వేసుకోవడానికి నోరు తెరిచింది. సిస్టర్ సెలవులో ఉందని రాసింది కూడా అబద్ధం. పక్క గదిలోనే ఉంది.

ఫీజెంత అని అడిగిందీ, ఎక్కం అప్పజెప్పిందీ నిజం. ఏడు ఎనిమిదుల దగ్గర ఆగిందీ నిజం. అప్పటికే ఆవిడకి తేడాగా ఉందేమో. నేను నవ్వా.

పంతొమ్మిదో తారీకున డాక్టరమ్మ అడిగితే చెప్పానని రాశా. చెప్పలేదు. కిటికీలోంచి వాన చూస్తూ నిలబడ్డా.

ఇరవై మూడున ఏమీ రాయలేదు. అక్కడ గీత గీయడానికి ఏమీ లేదు.

మహిమకి ఇంకా చెప్పలేదు. రేపు ఆదివారం. మొదటి బస్సుకి జగ్గయ్యపేట పోతా. ఇది ఇంకా జరగలేదు కాబట్టి అబద్ధమో నిజమో తెలియదు. గీత గీయకుండా వదిలేస్తున్నా.

ఇంకొక్కటి మిగిలింది. జూలై ఇరవై అయిదు. మగ్గు లేచిందా అని అడిగిందనీ, నవ్విందనీ, నా చెయ్యి పట్టుకుందనీ, నీ తప్పేం లేదురా అందనీ రాశా.

కళ్ళు తెరవలేదు. చెయ్యి నేనే పట్టుకున్నా. ఏమీ అనలేదు. నోట్లో గొట్టం ఉంది.